బియ్యం డ్రమ్ము మీది ట్రాన్స్‌ఫార్మర్

"అమ్మా, ఇదేంటో చెప్పండి" అంటూ పొద్దున్నే ఫోనులోకి తుప్పు పట్టిన ఇనుప డబ్బా ఫొటో ఒకటి వస్తుంది. పంపింది విజయవాడ కుర్రాడో, వైజాగ్‌లో ఇంజనీరింగ్ చదివే అమ్మాయో అయి ఉంటుంది. నమస్కారం ఉండదు, పేరు ఉండదు. నాకు ముందు కోపం వస్తుంది, తర్వాత కళ్లజోడు వెతుక్కుంటాను. ఆ పిల్లల కోసమే ఇది రాస్తున్నాను. ఒక్కొక్కరికీ విడిగా చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుడుతోంది.

నా పేరు కోటేశ్వరమ్మ. నరసరావుపేటలో మస్తాన్ భాయ్ వైండింగ్ షాపులో ముప్పై ఏళ్లకు పైగా ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టాను. కరెంటు స్తంభం మీద ఉండేవి కాదు. స్టెబిలైజర్లలో, చార్జర్లలో, మైకుసెట్లలో ఉండే చిన్నవి, మహా అయితే రెండు చేతులతో ఎత్తగలిగినవి. ఆ పనిలో ఉండగానే హామ్ రేడియో వాళ్లు తగిలారు. సర్కారు లైసెన్సు తీసుకుని, ఇంట్లోనే ట్రాన్స్‌మిటర్ పెట్టుకుని, ఊరు కాని ఊరి వాళ్లతో గాలిలో మాట్లాడుకునే మనుషులు వీళ్లు. వీళ్లలో కొందరికి, గాజు బుడ్డీల్లాంటి వాల్వులతో నడిచే పాతకాలపు సెట్లంటే పిచ్చి. ఆ సెట్లకు తగిన ట్రాన్స్‌ఫార్మర్లు ఇప్పుడు షాపుల్లో దొరకవు. మిలిటరీ వాళ్లు, విమానాల వాళ్లు అక్కర్లేదని వేలం వేసిన సరుకులో వెతుక్కోవాలి. దాని మీద పేరుండదు. ఏదన్నా నంబరు ఉన్నా అది ఎవరికీ అర్థం కాదు. పేరు లేని ఆ డబ్బా ఏమిటో చెప్పడం నా పని అయింది.

నాకెప్పుడు జీతం పెరిగింది, ఎప్పుడు షాపు తాళాలు నా చేతికిచ్చారు అన్న సంగతులు రాయను. అవి నాకే గుర్తు లేవు. నా చేత్తో చెడిపోయినవి మాత్రం అన్నీ గుర్తున్నాయి.

మస్తాన్ భాయ్ బల్బు

షాపులో చేరిన కొత్తలో ఒకాయన హైదరాబాదు పాత సామాన్ల సంత నుంచి బుల్లి ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి తెచ్చాడు. ముద్దుగా ఉంది. మూత మీద నూట పదిహేను వోల్టులని చెక్కి ఉంది. అంకె కనపడింది కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. నూట పదిహేనుకు సరిపడా కరెంటు తగ్గించి తిన్నగా కలిపేశాను. గుర్రుమంది. నిమిషంలో పొగ వచ్చింది, షాపంతా కమురు వాసన.

అది విమానంలోది. విమానం కరెంటు మన ఇంటి కరెంటు కన్నా ఎనిమిది రెట్లు వేగంగా అటూ ఇటూ మారుతుంది. ఆ వేగానికి సరిపడా చేసిన చిన్న ఇనుము మన కరెంటును మొయ్యలేదు. ఆ సంగతి నాకు తెలియదు. షాపులో సీరీస్ బోర్డు మాత్రం ఉంది. బల్బు గుండా కరెంటు పంపితే, లోపల ఏదన్నా తేడా ఉంటే బల్బు వెలుగుతుంది, వస్తువు బతుకుతుంది. అది నేను వాడలేదు. అంకె ఉన్నదానికి బల్బు ఎందుకని నా తెలివి.

మస్తాన్ భాయ్ అరవలేదు. ఆ సామాను తెచ్చినాయన వచ్చినప్పుడు తనే ఎదురెళ్లి, "మా చేతిలో పోయింది సార్, మాదే తప్పు" అన్నాడు. ఆయన వెళ్లిపోయాక కాలిన చుట్టను నా ముందు పెట్టి విప్పమన్నాడు. రెండు రోజులు చుట్టు చుట్టూ లెక్కపెడుతూ విప్పాను. వేళ్లు నల్లబడ్డాయి.

"పేరు లేని వస్తువుని దాన్నే అడగాల బేటీ. మనం పేరు పెట్టగూడదు" అన్నాడు మస్తాన్ భాయ్.

ఆయన దగ్గర నాకు నచ్చనిది కూడా చెప్పాలి. చాలా ఏళ్లు నన్ను కౌంటరు దగ్గరికి రానివ్వలేదు. నేను చుట్టినవన్నీ తను చుట్టినట్టే చెప్పేవాడు. ఆడమనిషి చుట్టిందంటే కొనరని ఆయన భయం. ఆ భయం ఆయనదో ఊరిదో గానీ, నాకు మాత్రం మండేది. అయినా పోయినదాన్ని తన తప్పుగా ఒప్పుకోవడం ఆయన దగ్గరే చూశాను. బాగున్నదీ తనదే, చెడిందీ తనదే అనేవాడు. ఆ లెక్కన న్యాయమే.

ఎత్తి, వాసన చూసి, రాసుకుని

నేను ఏ పేరు లేని ట్రాన్స్‌ఫార్మర్‌ను చూసినా ముందు ఎత్తుతాను. బరువు చేతికి తెలియాలి. తర్వాత వాసన చూస్తాను. నవ్వకండి. లోపల కాలినదానికి ఎన్నేళ్లయినా ఒక చేదు వాసన పోదు. ఆ తర్వాత బయటికొచ్చిన తీగల కొసలకు మీటరు పెట్టి, ఏ కొసకూ ఏ కొసకూ మధ్య ఎన్ని ఓములున్నాయో చూస్తాను. చివరికి సీరీస్ బల్బు. ఇవన్నీ ఒక నోటుబుక్కులో, ఒక్కో డబ్బాకు ఒక్కో పేజీలో రాస్తాను. కొసల బొమ్మ గీస్తాను. అడుగున నా తీర్పు రాస్తాను. బాగుంది, లేదా పనికిరాదు.

నా నోటుబుక్కులు పదకొండున్నాయి. వాటిలో నాకు గర్వంగా ఉండేది ఆ తీర్పుల వరసే. ఇప్పుడు ఆ వరసను చూడబుద్ధి కాదు.

మాచర్ల మాస్టారు

వెంకట్రామయ్య మాస్టారు మాచర్లలో హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. వయసులో ఉండగా తన చేతులతో వాల్వుల ట్రాన్స్‌మిటర్ కట్టుకున్నారు. ప్రతి ఆదివారం పొద్దున కృష్ణా నది అవతల, దేవరకొండలో ఉండే యాదగిరి అనే హామ్ స్నేహితుడితో ఆ సెట్టు మీద మాట్లాడేవారు.

పదేళ్ల కిందట ఆ సెట్టులో మాడ్యులేషన్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. మనిషి గొంతును రేడియో అలల మీదకు ఎక్కించేది అదే. అది లేకపోతే సెట్టు పలుకుతుంది గానీ మాట రాదు. మోర్స్ కీ కొట్టి చుక్కా గీతా పంపుకోవాల్సిందే. మాస్టారు ఎక్కడెక్కడో వెతికి మిలిటరీ సరుకులో నల్లటి డబ్బా ఒకటి పట్టుకొచ్చారు. తువ్వాల్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని నా దగ్గరికి తెచ్చారు.

"ఇదే అయి ఉంటదని నా ఆశ. నువ్వు చూసి చెప్పమ్మా" అన్నారు.

చూశాను. ఎత్తాను, వాసన బాగానే ఉంది. మీటరు పెట్టాను. ఒక జత కొసల మధ్య పదిహేను ఓములు, మిగతా వాటి మధ్య వందల్లో. నేను జీవితమంతా చుట్టినవి ఇంటి కరెంటుకు తగిలించేవే. వాటిలో పదీ ఇరవై ఓములున్న జతే కరెంటుకు తగిలించే జత. ఆలోచించకుండా ఆ జతకే బల్బు గుండా కరెంటు ఇచ్చాను. బల్బు భగ్గున వెలిగింది. పక్క కొసల దగ్గర చిటపటమంది.

"లోపల షార్టు మాస్టారూ. పనికిరాదు" అన్నాను.

ఆయన ఒక్క మాట కూడా ఎదురడగలేదు. మళ్లీ తువ్వాల్లో చుట్టుకున్నారు. వెళ్తూ వెళ్తూ, "చెప్పినందుకు చానా సంతోషం అమ్మా" అన్నారు. నేను ఆ పేజీలో అంకెలన్నీ రాసి, అడుగున 'షార్టు, పనికిరాదు' అని రాసి రెండు గీతలు కొట్టాను.

ఆ తర్వాత ఆయనకు ఇంకోటి దొరకలేదు. పదేళ్లు ఆ సెట్టు మీద మోర్సే కొట్టారు.

వైజాగ్ నుంచి ఫొటో

ఈ ఏడాది వేసవిలో వైజాగ్ అమ్మాయి ఒక ఫొటో పంపింది. నల్లటి డబ్బా. లోపలి వైపు అంటించిన కాగితం ముక్క ఎలాగో చెక్కుచెదరకుండా ఉంది. దాని మీద ఏ కొస దేనికో ఇంగ్లీషులో రాసి ఉంది. మాడ్యులేషన్ ట్రాన్స్‌ఫార్మర్. ఆ కొసల వరస నేను ఎక్కడో గీశాను. నోటుబుక్కులన్నీ మంచం మీద పరిచి వెతికాను. ఏడో పుస్తకంలో దొరికింది. అవే కొసలు, దాదాపు అవే ఓములు.

నేను కరెంటిచ్చిన ఆ పదిహేను ఓముల జత ఏమిటో ఆ కాగితం మీద ఉంది. మాట్లాడే మనిషికి తన గొంతు తన చెవిలో వినపడటానికి పెట్టిన చిన్న చుట్ట. దానికి ఇంటి కరెంటిస్తే ఇనుము ఉక్కిరిబిక్కిరై బల్బు వెలగక ఏం చేస్తుంది? పక్క కొసల్లో వేల వోల్టులు లేచి చిటపటమనక ఏం చేస్తాయి? డబ్బాలో ఏ లోపమూ లేదు. లోపం నాలో ఉంది. వస్తువుని అడగకుండా నేనే పేరు పెట్టాను.

వెంటనే ఫోను చెయ్యాలి. చెయ్యలేదు. మూడు రోజులు సిగ్గుతో ఊరుకున్నాను. పదేళ్ల తర్వాత ఇప్పుడు చెప్పి ఏం లాభం, ఆయన మర్చిపోయి ఉంటారు, ఆ డబ్బా ఎప్పుడో పాత ఇనుములోకి పోయి ఉంటుంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పిల్లలూ, ఆ మూడు రోజులు నేను చేసిన తప్పుల్లో అన్నిటికన్నా పెద్దది.

గురువారం పొద్దున చేశాను. మాస్టారి భార్య రాజ్యలక్ష్మి అక్క ఎత్తింది.

"మాస్టారున్నారా అక్కా?"

"ఉన్నాడు. ఎక్కువ మాట్లాడించబాకు. గొంతులో గడ్డంట. సోమవారం గుంటూరులో ఆపరేషన్. గొంతు తీసేస్తారంట. ఇంక మాట రాదంట కోటేశ్వరమ్మా."

మంచం మీద తెరిచి ఉన్న ఏడో పుస్తకం వైపు చూశాను.

"అక్కా, పదేళ్ల కింద నేను చెడిందన్న నల్ల డబ్బా ఉంది చూడు..."

"బియ్యం డ్రమ్ము మీదుంది. ఎలకలు మూత లేపకుండా బరువు పెట్టా. ఏం?"

శుక్రవారం, శనివారం

మర్నాడు మొదటి బస్సెక్కాను. పిడుగురాళ్ల, గురజాల దాటి మాచర్ల చేరేదాకా ఎలా చెప్పాలా అని మాటలు కూర్చుకున్నాను. తీరా గడప లోపల నాపరాయి మీద కాలు పెట్టేసరికి ఒక్కటీ గుర్తు లేదు.

"మాస్టారూ, అది బాగానే ఉంది. నేనే తప్పు చూశాను" అన్నాను.

రాజ్యలక్ష్మి అక్క చేతిలో మంచినీళ్ల గ్లాసుతో అట్టాగే నిలబడిపోయింది. "ఏందీ? పదేళ్లు! ఏమే, ఎంత పని చేశావే!" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ గ్లాసు నాకివ్వలేదు. ఇవ్వకపోవడమే న్యాయం.

మాస్టారి గొంతు అప్పటికే బొంగురు పోయింది. ఒక్కో మాటా ఏరుకుని మాట్లాడుతున్నారు. "నేను ఫిజిక్స్ మాస్టర్నమ్మా. నా ఇంట్లో మీటరుంది. పదేళ్లలో ఒక్కసారన్నా పెట్టి చూశానా? కోటేశ్వరమ్మ చెప్పిందంటే అంతేననుకున్నా. ఇద్దరం కలిసి చేసిన తప్పిది."

నేను ఏడ్చాను. ఆయన ఏడవనిచ్చి, "సరే, ఇప్పుడు పనిజూడు. మనకి రెండు రోజులే" అన్నారు.

ఈసారి ఇంటి కరెంటు దగ్గరికే పోలేదు. కాలింగ్ బెల్లుకు వాడే ఆరు వోల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ తీసుకెళ్లాను. అన్నిటికన్నా ఎక్కువ ఓములున్న జతకు ఆ ఆరు వోల్టులిచ్చి, మిగతా కొసల్లో ఎంత వస్తుందో ఒక్కొక్కటే కొలిచాను. ఒక చుట్ట సరిగ్గా నడిమికి రెండుగా విడింది. రెండు సగాలూ సమానం, అంటే లోపల షార్టు లేదు. గంటసేపు ఆ ఆరు వోల్టుల మీదే వదిలేసి చెయ్యి పెట్టి చూస్తే చల్లగా ఉంది. బియ్యం పొడిగా ఉండే చోట పెట్టబట్టి చెమ్మ కూడా ఎక్కలేదు. పదేళ్ల కిందట నేను చేసిన మంచి పని ఒక్కటే, మధ్యలో బల్బు పెట్టడం. అది లేకపోతే ఆ రోజే నిజంగా కాలిపోయేది.

శనివారం ఇద్దరం సెట్టు విప్పాం. మాస్టారు చెప్పిన చోట నేను టంకం పెట్టాను. సాయంత్రానికి వాల్వులు వెలిగాయి. రాజ్యలక్ష్మి అక్క వచ్చి గుమ్మంలో నిలబడి చూసింది. ఈసారి ఇద్దరికీ కాఫీ తెచ్చింది.

ఆదివారం పొద్దున

మాస్టారు కూర్చుని మైకును దగ్గరికి లాక్కున్నారు. తర్వాత, "యాదగిరీ, వినపడుతున్నానా?" అన్నారు.

స్పీకరులో గరగర.

"ఇనవడుతున్నది మాస్టర్!" అని కేక వచ్చింది. "మస్తుగ ఇనవడుతున్నది. ఫోన్ల రోజు మాట్లాడుతనే ఉన్నం గని, గిది వేరు. పక్కన కూసున్నట్టున్నది. పదేండ్లాయె మాస్టర్ సెట్టు మీద ఈ గొంతు ఇని."

మాస్టారు ఇరవై నిమిషాలు మాట్లాడారు. మధ్యలో దగ్గు వస్తే ఆగి, మంచినీళ్లు తాగి మళ్లీ మాట్లాడారు. పెద్ద సంగతులేం కాదు. యాంటెన్నా ఎంత ఎత్తున ఉంది, వాన వచ్చేట్టుందా, దేవరకొండలో మామిడికాయ ఎట్టా ఉంది, అవే. ఈ హామ్ వాళ్లకు తమ సెట్టులో ఏముందో ఒకళ్లకొకళ్లు చెప్పుకోవడం ఆనవాయితీ. అది కూడా చెప్పారు. "సెట్టు నేను కట్టింది. మాడ్యులేషన్ ట్రాన్స్‌ఫార్మర్ గుర్తుపట్టింది నరసరావుపేట కోటేశ్వరమ్మ గారు" అన్నారు.

నా ముప్పై ఏళ్ల పనిలో నా పేరు అలా పైకి చెప్పినవాళ్లు లేరు. చెప్పింది నేను తప్పు చేసిన ట్రాన్స్‌ఫార్మర్ గురించి. నేను తల ఎత్తలేకపోయాను.

చివర్లో, "రేపు గుంటూరు పోతున్నా యాదగిరీ. ఇంక కీ మీదే కలుద్దాం" అన్నారు.

"ఎట్ల కలిసినా కలుద్దం మాస్టర్" అన్నాడు యాదగిరి.

మీకు చెప్పదలచుకున్నది

కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది పెద్దగా లేదు. నోటుబుక్కులో అంకెలు రాయండి, తీర్పు పెన్సిలుతో రాయండి. ఆ పేజీలో నా తీర్పు తప్పయింది గానీ అంకెలు తప్పు కాలేదు. అవి ఉండబట్టే పదేళ్ల తర్వాతైనా తెలిసింది. మిమ్మల్ని బాగా నమ్మేవాళ్ల వస్తువును రెండుసార్లు చూడండి, ఎందుకంటే వాళ్లు మళ్లీ చూసుకోరు. తప్పు తెలిసిన రోజే చెప్పండి. ఆ మూడు రోజుల సిగ్గుకు ఇంకో మూడు రోజులు కలిసి ఉంటే నేనిప్పుడు మీకు ఏ మొహం పెట్టుకుని రాసేదాన్ని?

రెండు నెలల తర్వాత

ఆపరేషన్ అయ్యాక మాస్టారిని చూడటానికి వెళ్లాను. మెడకు తెల్లటి గుడ్డ కట్టి ఉంది. మనిషి సగమయ్యారు. నన్ను చూసి నవ్వి చేతులు జోడించారు. పక్కన కూర్చున్నాను. అడిగితే ఆయన బదులు చెప్పలేరు కదా అని అడగడం మానేశాను.

బల్ల మీద మోర్స్ కీ, దానికి చిన్న బజరు ఉన్నాయి. మాస్టారు కీ మీద వేలు పెట్టి కొట్టారు. నాకు ఆ భాష రాదు.

"తినే పోద్దిలెండి. బియ్యం కడిగేశా" అని వంటింట్లోంచి రాజ్యలక్ష్మి అక్క కేకేసింది.

నేను వంటింటి వైపు చూశాను. గుమ్మంలోంచి ఆమె వీపే కనపడింది, ఇటు తిరగను కూడా లేదు. మాస్టారు మళ్లీ కొట్టారు.

"గుత్తొంకాయేనండీ. ఎన్నిసార్లు అడుగుతారు?"

నేను లేచి వంటింట్లోకి వెళ్లాను. "అక్కా, నీకు ఆ భాష వచ్చా?"

"నాకెవరు నేర్పారే?" అంది పొయ్యి మంట తగ్గిస్తూ. "పదేళ్లు ఆ గదిలో ఆయన, ఈ గదిలో నేను. మొదట్లో తలనొప్పి వచ్చేది. తర్వాత యాదగిరి గారి పేరు తెలవడం మొదలైంది. ఫోన్లో మెసేజీలు రాస్తారే, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, అట్టాగే కొట్టుకుంటారు. విని విని పట్టేశా. నా గురించి ఆయనకేం చెబుతున్నాడో కూడా తెలిసేది. నాకొచ్చని మాత్రం చెప్పలా. చెబితే జాగర్తపడతాడుగా."

"మరి మాస్టారికి ఎప్పుడు తెలిసింది?"

"ఆస్పత్రిలో. కళ్లు తెరిచి మంచం ఊచ మీద వేలితో కొడుతున్నాడు. ఎవరికి తెలవాలని కొట్టాడో ఏమో, పాపం. మంచినీళ్లు ఇప్పుడే ఇవ్వగూడదంటండీ అన్నా. అప్పుడు ఆయన మొహం చూడాల్సింది కోటేశ్వరమ్మా." ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నువ్వు ఆ రోజు సరిగ్గా చెప్పుంటే ఆయన మైకులోనే మాట్లాడుకునేవాడు, నాకిది వచ్చేదే కాదు. అట్టాగని నువ్వు చేసింది తప్పు కాదనుకోబాకు."

"అనుకోను అక్కా."

ముందు గదిలోంచి బజరు మోగింది. ఆమె గరిటె పట్టుకుని ఆగి వింది.

"ఏమంటున్నారు?" అన్నాను.

"నిన్ను తిట్టొద్దంటున్నాడు." ఆమె గుమ్మం వైపు తలతిప్పి గట్టిగా, "తిడతానండీ! నా ఇష్టం!" అంది.

బజరు మళ్లీ మోగింది. ఈసారి చాలా చిన్నగా. నేను ఆమె చెబుతుందని ఎదురుచూశాను. ఆమె నాకేమీ చెప్పలేదు. పొయ్యి వైపు తిరిగి తనలో తను నవ్వుకుంది.